చేనేత బట్టను హలాల్‌గా అమ్మడం ఎలా?

కొత్త తేలియా రుమాలు దుపట్టాను విప్పగానే కంటికి రంగు ఆనేలోపే ముక్కుకు వాసన తగులుతుంది. నూలును రోజుల తరబడి నూనెలో, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలో నానబెడతారు. పిసికి ఆరబెడతారు, మళ్ళీ నానబెడతారు. ఎరుపు, నలుపు ఆ నూలును అంత గట్టిగా పట్టుకునేది అందుకే. తేల్ అంటే నూనె. బట్టకు పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. చీరాలలో పుట్టిన ఈ నేత ఇప్పుడు ముఖ్యంగా యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో బతుకుతోంది. ఒకప్పుడు ఈ రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. అక్కడి మగవాళ్ళు తలకు చుట్టుకునేవాళ్ళు.

నేను వ్యాపారంలోకి వచ్చిన కొత్తలో ఆ వాసన కనిపెట్టకూడదని దుపట్టాలను రెండు రోజులు ఎండలో వేసి, మడతల్లో అత్తరు దూది పెట్టి పంపేవాణ్ణి. ఒకసారి హైదరాబాద్ టోలీచౌకీ నుంచి ఒక ఆపా (అక్క) ఫోన్ చేశారు. "భాయ్, అత్తరు పోయింది, లోపల నూనె వాసన వస్తోంది. బట్ట పాతదా? దీని మీద ఏమైనా ఒలికిందా?" అని అడిగారు. ఈ బట్ట స్వభావమే అది, రెండు మూడు ఉతుకులకు తగ్గిపోతుంది అన్నాను. "మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మదీనా బజారులో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు కుప్పలోకి చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. ఇదేంటని అడిగితే, వాన పడిందని చెప్పాడు ఆ వ్యాపారి. జనానికి కనబడేలా తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు ప్రవక్త. ప్రవక్త మాటలు, పనుల సంకలనమైన సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిందే. దుపట్టా మడతల్లో నేను పెట్టిన అత్తరు దూది కూడా తడి గింజల మీద కప్పిన పొడి గింజల లాంటిదేనని మాత్రం ఆ ఫోన్ వచ్చేదాకా తట్టలేదు.

మర్నాటి నుంచి ప్రతి దుపట్టాతో ఒక చీటీ పెడుతున్నాను. "ఈ బట్టకు నూనె వాసన ఉంటుంది. నూలును నూనెలో నానబెట్టి నేస్తారు. ఉతికే కొద్దీ తగ్గుతుంది." ఇప్పుడు నా దగ్గర కొనేవాళ్ళు వాసన లేకపోతేనే అనుమానపడుతున్నారు. చేనేత బట్టలో మనం దాచాలనుకునేవే దాన్ని మరమగ్గం బట్ట నుంచి వేరు చేస్తాయి. అందుకే హలాల్ (ధర్మసమ్మత) వ్యాపారానికి ఇస్లాం చెప్పిన నియమాలు ఈ బట్టకు బరువు కావు, బలం. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళ కోసం, ముఖ్యంగా ఇంట్లో కూర్చుని ఫోన్ మీద అమ్ముతున్న చెల్లెళ్ళ కోసం, నేను నేర్చుకున్న వరుసలో రాస్తున్నాను. మీరు ముస్లింలు కాకపోయినా ఇందులో చాలా భాగం మీకు పనికొస్తుంది.

మొదటి అడుగు: ఏం అమ్ముతున్నారో ముందు మీరు తెలుసుకోండి

బేరం కుదిరేటప్పుడు సరుకు ఏమిటో ఇద్దరికీ స్పష్టంగా తెలియాలి. తెలియనితనం మీద నడిచే బేరాన్ని గరర్ అంటారు, అది కూడదు. "ప్యూర్ హ్యాండ్లూమ్ అన్నా" అని హోల్‌సేల్ వ్యాపారి చెప్పిన మాటనే మనం కస్టమర్‌కు చెబితే, ఇద్దరమూ తెలియనిదాన్నే అమ్ముకుంటున్నట్టు.

ఇక్కత్ బట్టయితే తిరగేసి చూడండి. నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట దారంతో బిగించి, రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన నకిలీలో వెనక రంగు వెలిసినట్టు కనబడుతుంది. డిజైన్ అంచులు ఈకల్లా కొద్దిగా చెదిరి ఉంటే మంచిదే, పోగుల్ని చేత్తో సర్ది నేశారని అర్థం. బట్ట అంచుల్లో వరుసగా సన్నటి చిల్లులు కనబడొచ్చు. నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా సాగదీసి పట్టే కర్ర మేకుల గుర్తులవి. చేనేత మార్కు, పట్టయితే సిల్క్ మార్క్, పోచంపల్లి ఇక్కత్‌కూ పుట్టపాక తేలియా రుమాలుకూ వచ్చిన భౌగోళిక గుర్తింపు, ఇవన్నీ అడిగి చూడండి. అన్నిటికంటే నమ్మకమైనది మగ్గం దగ్గరికి వెళ్ళడం. బస్సెక్కితే హైదరాబాద్ నుంచి పోచంపల్లి ఎంతో దూరం కాదు.

పట్టు సంగతి వేరుగా చెప్పాలి. ముస్లిం కుటుంబాలు పెళ్ళిళ్ళకు షేర్వానీ బట్ట, కుర్తా బట్ట కొంటాయి. మగవాళ్ళు అసలు పట్టు కట్టకూడదన్నది ధర్మం. నాలుగు వేళ్ళ వెడల్పు దాకా అంచుకు మినహాయింపు ఉందని హదీసు. ఆడవాళ్ళకు ఈ నిషేధం లేదు. మరి పట్టూ నూలూ కలిపి నేసిన బట్ట మాటేమిటి? ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పండితుల లెక్కలో పడుగు (నిలువు పోగు) పట్టయి పేక (అడ్డ పోగు) నూలైతే మగవాళ్ళు కట్టుకోవచ్చు, పేక పట్టయితే కూడదు. మష్రూ బట్ట ఈ ఆలోచనతోనే పుట్టింది. పడుగు పట్టు, పేక నూలు. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. మష్రూ అన్న పేరుకు అర్థమే షరీఅత్ అనుమతించినది అని. హైదరాబాద్‌లో సురయ్యా హసన్ బోస్ గారు మష్రూ, హిమ్రూ నేతల్ని మళ్ళీ మగ్గం ఎక్కించారు. ఆమె 2021లో కన్నుమూశారు. ఎందరో ఒంటరి ఆడవాళ్ళకు ఆ మగ్గాల మీదే పని నేర్పించారు.

కాబట్టి సికో బట్ట కొనేటప్పుడు "పట్టూ నూలూ మిక్స్" అంటే ఊరుకోకండి. పడుగు ఏది, పేక ఏది అని నేతన్నను అడగండి. బిల్లు మీద రాయండి. వరుడి బట్టకు మీ దగ్గరికి వచ్చిన తండ్రికి అదే చెప్పండి, ఇంకా సందేహం ఉంటే ఆయన తన ముఫ్తీ సాబ్‌ను (ధర్మసందేహాలు తీర్చే పండితుణ్ణి) అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన షాపు మా వైపు నాకు ఇంతవరకూ కనబడలేదు.

డిజైన్ కూడా చూసుకోవాలి. పాత తేలియా రుమాళ్ళలో గళ్ళు, చుక్కలతో పాటు ఏనుగులు, సింహాలు, ఒక కాలంలోనైతే విమానాలు, గడియారాలు కూడా నేశారు. జానమాజ్‌కో (నమాజు చాపకో), నమాజు దుపట్టాకో అమ్మేదైతే ప్రాణుల బొమ్మలు లేనివి ఎంచుకోండి. గళ్ళ డిజైన్ల దగ్గర తేలియాకు సాటి లేదు కాబట్టి ఇందులో కష్టమేమీ లేదు. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదని నాకు బాధ. హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళే మగవాళ్ళకు కుట్టులేని రెండు తెల్ల బట్టలు కావాలి. ఆ ఇహ్రామ్ మన నేతన్న నేసిన మెత్తటి నూలు బట్ట ఎందుకు కాకూడదు? రంగు లేదు, చిటికి లేదు. కొత్త నేతగాడు కూడా నేయగలడు, ఏడాది పొడవునా గిరాకీ.

రెండో అడుగు: కొనేటప్పుడు బజారు ధర నేతన్నకు చెప్పండి

అమ్మకం గురించి మాట్లాడే ముందు కొనుగోలు గురించి మాట్లాడాలి. బేరం హలాల్ అయ్యేదీ కానిదీ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పల్లె నుంచి సరుకుతో వచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్ళి కొనడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. బజారులో ధర ఎంతుందో వాళ్ళకు తెలియకముందే చౌకగా కొట్టేయడం కుదరకూడదని. మన కాలంలో బిడారు ఎదురు రాదు. కారు వేసుకుని మనమే నేతన్న ఇంటికి వెళతాం. వానాకాలంలో గుంటమగ్గం గోతిలో నీరు ఊరి, పని ఆగి, చేతిలో పైసా లేని రోజు చూసి వెళితే దుపట్టా ఎంతకైనా వస్తుంది. అలా కొన్నాక నగరంలో మూడింతలకు అమ్మితే దాన్ని తెలివి అంటారు కొందరు. నేనలా అనలేను.

హనఫీ సంప్రదాయానికి మూలమైన ఇమామ్ అబూ హనీఫా కూఫా నగరంలో బట్టల వ్యాపారి. ఒకావిడ పట్టుబట్ట తెచ్చి నూరుకు అమ్ముతానంది. ఇది అంతకంటే ఎక్కువ చేస్తుంది అన్నారాయన. ఆవిడ నూరు చొప్పున పెంచుతూ నాలుగు వందలు అంది. ఇంకా ఎక్కువే చేస్తుంది అన్నారు. వెక్కిరిస్తున్నారా అందావిడ. అయితే ధర తెలిసిన మనిషిని పిలుచుకు రమ్మన్నారు. చివరికి ఐదు వందలకు కొన్నారు. ఆయన చరిత్ర రాసినవాళ్ళు ఇది చెబుతారు. కొనేవాడే అమ్మేవాళ్ళ తరఫున ధర పెంచిన ఈ బేరం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

మనం అంత ఎత్తుకు ఎక్కలేకపోయినా ఒక పని చేయొచ్చు. నగరంలో ఎంతకు అమ్ముతున్నామో నేతన్నకు చెప్పొచ్చు. నేను ఫోన్‌లో షాపు ధరల ఫొటోలు చూపిస్తాను. మొదటిసారి చూపించినప్పుడు పుట్టపాకలో నేను మామ అని పిలిచే ఒక పెద్దాయన కండె చుట్టడం ఆపి, అద్దాలు పెట్టుకుని, అంకెలు రెండుసార్లు చదివారు. "గింతకు అమ్ముతున్నరా? మరి నాకు ఇన్నేండ్లు ఎవ్వరు చెప్పలే" అన్నారు. ఆ రోజు మజూరీ (నేత కూలి) పెంచి అడిగారు, ఇచ్చాను. ఆయన ఇప్పుడు మంచి పడుగు వేసిన రోజు ముందు నాకే ఫోన్ చేస్తారు.

అడ్వాన్సు విషయం ఇంకా సున్నితం. నేతన్నకు 20,000 అప్పిచ్చి, అది తీరేదాకా తక్కువ మజూరీకి నాకే నేయాలనే పద్ధతి మన ఊళ్ళలో ఉంది. కాగితం మీద వడ్డీ కనబడదు. కానీ ఇచ్చినవాడికి లాభం తెచ్చే ప్రతి అప్పూ వడ్డీయేనని ఫిఖహ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర) పండితుల సూత్రం. తగ్గించిన ఆ మజూరీయే వడ్డీ. అవసరానికి ఇస్తే ఖర్జె హసనాగా (వడ్డీ లేని అప్పుగా) ఇవ్వండి, ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోండి. మజూరీని బజారు రేటు మీదే కట్టండి. రెండు లెక్కలూ వేర్వేరు పుస్తకాల్లో ఉంచితే మనసు కూడా పక్కదారి పట్టదు. మజూరీ మాత్రం బట్ట చేతికందిన రోజే ఇవ్వాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసుకు, అమ్ముడుపోయాక ఇస్తాం అనే అలవాటుకు పొత్తు కుదరదు.

మూడో అడుగు: ఆర్డరు కాగితం

ఇంకా నేయని బట్టకు డబ్బు ఇచ్చేటప్పుడు రెండు పద్ధతులు ఉన్నాయి.

ఒకటి సలమ్. బేరం కుదిరిన రోజే మొత్తం సొమ్ము ఇచ్చేయాలి. ఎంత, ఏ రకం, ఏ రోజుకు, ఎక్కడ అప్పగించాలి అన్నవి తేలిపోవాలి. ముందుగా డబ్బిచ్చి కొనేవాడు తెలిసిన కొలతకు, తెలిసిన తూకానికి, తెలిసిన గడువుకు కొనాలని ప్రవక్త (స) మదీనా ఖర్జూర రైతుల బేరాల గురించి చెప్పారు. సాదా నూలు బట్ట, లుంగీ, ఇహ్రామ్ లాంటివాటికి ఇది బాగుంటుంది. నూలు కొనడానికి నేతన్న ఇంకొకరి దగ్గర చెయ్యి చాచనక్కర్లేదు.

రెండోది ఇస్తిస్నా, అంటే చెప్పి చేయించుకోవడం. ఫలానా డిజైన్, ఫలానా రంగు, ఫలానా పొడవు అని ఆర్డరిచ్చే చీరలకు, దుపట్టాలకు ఇదే సరైనది. డబ్బు విడతలుగా ఇవ్వొచ్చు. నేను మూడు విడతలు చేస్తాను: నూలుకు కొంత, చిటికి పని అయ్యాక కొంత, మగ్గం మీంచి కోసిన రోజు మిగతాది.

ఏది చేసినా రాసుకోండి. అప్పు బేరాలు రాసుకోమని చెప్పే వాక్యం బఖరా సూరాలోని 282వది, ఖుర్‌ఆన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన వాక్యం. కాగితం మీద పొడవు, వెడల్పు, నూలు కౌంట్ (పోగు సన్నదనం), రంగులు, డిజైన్ నమూనా ఫొటో, మజూరీ, గడువు ఉండాలి. తెలుగులోనే రాయండి, నేతన్నకు చదివి వినిపించండి, రెండు ప్రతులు తీయండి. గడువులో వానల సంగతి కలపడం మరిచిపోకండి. గుంటమగ్గం ఉన్న ఇంటికి ఆషాఢ శ్రావణాల్లో పదిహేను రోజులు అదనంగా ఇవ్వకపోతే మీరు రాసుకున్నది గడువు కాదు, గొడవ.

నాలుగో అడుగు: ధర విప్పి చెప్పండి

లాభం ఇంతే ఉండాలని ఇస్లాం గీత గీయలేదు. ధరలు కట్టడి చేయమని జనం అడిగినప్పుడు ప్రవక్త (స) ఒప్పుకోలేదు. ఇద్దరి ఇష్టంతో జరిగే వ్యాపారమైతే చాలు. మురాబహా అనే పద్ధతి మాత్రం చేనేతకు అచ్చంగా కుట్టినట్టు సరిపోతుంది. నాకు ఇంత పడింది, నా లాభం ఇంత అని కొనేవాళ్ళకు చెప్పి అమ్మడమే మురాబహా.

ఒక దుపట్టా లెక్క ఉదాహరణగా వేద్దాం. అంకెలు నమూనాకే, మీవి మీరు వేసుకోండి. నూలు 700. నూనె, బూడిద, రంగులు 450. చిటికి కట్టడం 900. ఆసు పోయడం, పడుగు ఎక్కించడం 350. నేత మజూరీ 1,600. మొత్తం 4,000. రవాణా, ప్యాకింగ్ 250. మీకు పడింది 4,250. లాభం ఇరవై శాతం, 850. అమ్మకం ధర 5,100. పన్ను ఉంటే వేరుగా చూపండి.

ఈ లెక్కను చిన్న కార్డు మీద అచ్చు వేసి బట్టతో పెట్టండి. మొదట్లో నాకూ టెన్షన్ పట్టుకుంది, లాభం చూస్తే బేరమాడతారని. ఆడారు కూడా, కొందరు. ఎక్కువమంది మాత్రం మజూరీ గీత దగ్గర ఆగి, "ఇన్ని రోజుల పనికి ఇంతేనా?" అని అడిగారు. బేరం అక్కడితో ఆగిపోయింది. మురాబహా అని చెప్పాక ఖర్చు అంకెల్లో అబద్ధం ఉండకూడదు. నూలు సంఘంలో తగ్గింపు దొరికితే తగ్గిన ధరే రాయాలి. అది కుదరదనుకుంటే కార్డు మానేసి మామూలు బేరం చేయండి, అదీ హలాలే. సగం నిజం చెప్పే కార్డు మాత్రం వద్దు.

నగదుకు ఒక ధర, వాయిదాకు ఒక ధర పెట్టొచ్చు. బేరం ముగిసేలోపు రెండిట్లో ఏదో ఒకటి ఖాయం కావాలి. గడువు దాటిందని తర్వాత రూపాయి కూడా పెంచకూడదు.

ఐదో అడుగు: లేనిది అమ్మకండి

వాట్సాప్ చెల్లెళ్ళ కోసం అన్నది దీని గురించే. పొద్దున ఒక గ్రూపులో చీరల ఫొటోలు వస్తాయి. మీరు 400 కలిపి మీ గ్రూపులో పెడతారు. ఎవరో డబ్బు పంపుతారు, అప్పుడు మీరు అక్కడ కొంటారు, చీర నేరుగా ఆవిడ ఇంటికి వెళుతుంది. చీర మీ చేతికే రాలేదు. రంగు వేరే వస్తే ఎవరి బాధ్యతో ఎవరికీ తెలియదు. "నీ దగ్గర లేనిది అమ్మకు" అని ప్రవక్త (స) తన సహచరుడు హకీమ్ బిన్ హిజామ్‌కు చెప్పిన మాట సరిగ్గా ఇలాంటి బేరం గురించే.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. సరుకుదారుతో ముందే మాట్లాడుకుని కమిషన్ మీద పనిచేయండి. అది వకాలత్. మీరు ఏజెంటు, అమ్మేది ఆయన. చీరకు 400 కమిషన్ అని ఇద్దరికీ తెలియాలి, కస్టమర్‌కు కూడా "నేను ఫలానా నేతవాళ్ళ తరఫున అమ్ముతున్నాను" అని చెప్పాలి. లేదంటే ఫొటో పెట్టి "ఎవరికి కావాలి?" అని మాత్రమే అడగండి. పేర్లు రాసుకోండి, డబ్బు తీసుకోకండి. చీరలు కొని ఇంటికి తెచ్చుకున్నాక అమ్మండి. నేనైతే మొదటిదే మేలంటాను, పెట్టుబడి అక్కర్లేదు, మాట కూడా సూటిగా ఉంటుంది.

ఆరో అడుగు: చీటీ, ఫొటో, లైవ్

ఫొటో పగటి వెలుగులో తీయండి. ఫిల్టర్ వద్దు. తేలియా ఎరుపు కాస్త ఇటుక రంగుకు దగ్గరగా ఉంటుంది, ఫోన్‌లో దాన్ని కుంకుమ రంగు చేసి పంపితే పార్సిల్ విప్పిన రోజే తగాదా. ప్రతి బట్టకూ మూడు ఫొటోలు చాలు: ముందు వైపు, వెనక వైపు, ఎక్కడైనా పోగు తెగి ముడి వేసిన చోటు ఉంటే దగ్గరగా అదొకటి. మూడోది పెట్టడానికి మొదట చెయ్యి రాదు. పెట్టండి.

అబూ హనీఫా సంగతి ఇంకొకటి ఇక్కడ చెప్పాలి. భాగస్వామి చేత సరుకు పంపుతూ, అందులో ఒక బట్టకు లోపం ఉంది, కొనేవాడికి చెప్పి అమ్ము అన్నారు. ఆయన మరిచిపోయి అమ్మేశాడు, కొన్నదెవరో గుర్తులేదు. ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా అబూ హనీఫా దానం చేసేశారు.

లైవ్ పెట్టేవాళ్ళకు రెండు మాటలు. చుట్టాల చేత "నాకొకటి పెట్టండి, సూపర్ ఉంది" అని కామెంట్లు రాయించడం నజష్, అంటే కొనే ఉద్దేశం లేనివాళ్ళు గిరాకీ నటించడం. దాన్ని ప్రవక్త (స) స్పష్టంగా నిషేధించారు. పది ఉండగా "రెండే మిగిలాయి" అనడం అబద్ధం, అంతే. ఒట్లు కూడా వద్దు. ఒట్టు సరుకును అమ్మిస్తుంది కానీ బర్కత్‌ను (అందులోని శుభాన్ని) తుడిచేస్తుందని బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. "వల్లాహి, నాకే ఇంత పడింది" అనే బదులు లెక్క కార్డు చూపిస్తే పోతుంది.

నేతన్న ఫొటో వాడితే అడిగి వాడండి. చీటీ మీద ఆయన పేరు వేయడానికి ఒప్పుకుంటే వేయండి, ఆ పేరు చూసి మళ్ళీ అడిగేవాళ్ళు ఉంటారు.

ఏడో అడుగు: వాపసు

చూడకుండా కొన్నవాళ్ళకు చూశాక వద్దనే హక్కు ఉందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. చెప్పని లోపం బయటపడితే వాపసు ఇచ్చే హక్కు వేరే ఉంది. ఆన్‌లైన్ అమ్మకానికి ఇవి రెండూ ముందే రాసినట్టున్నాయి. నా పద్ధతి ఇది: పార్సిల్ అందిన మూడు రోజుల్లో ఉతకకుండా, కట్టకుండా పంపితే డబ్బు మొత్తం వాపసు. చీటీలో చెప్పిన ముడికో, నూనె వాసనకో ఈ గడువు దాటాక వాపసు లేదు, ముందే చెప్పాం కాబట్టి. చెప్పనిది ఉంటే ఎన్ని రోజులైనా సరే, రానుపోను ఖర్చు నాదే. వాపసు వచ్చిన బట్ట నష్టాన్ని నేతన్న మజూరీలో కోయకూడదు. ఆర్డరు కాగితం ప్రకారం ఆయన నేశాడు, మీరు తీసుకున్నారు. అక్కడితో ఆయన బాధ్యత తీరింది.

ఎనిమిదో అడుగు: పెట్టుబడి

మన దేశంలో ఇస్లామీయ బ్యాంకు లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్ళకూడదని రిజర్వు బ్యాంకు నిర్ణయించుకున్న సంగతి 2017లో బయటికొచ్చింది. కాబట్టి చుట్టాలు, స్నేహితులే దిక్కు. స్నేహితుడు 2,00,000 పెడితే "నెలకు 4,000 ఇస్తాను" అనకండి, అది వడ్డీ. లాభంలో అతనికి 40, మీకు 60 అని నిష్పత్తి మాట్లాడుకోండి. ఇది ముదారబా. ఖదీజా (ర) గారి సరుకుతో ప్రవక్త (స) సిరియాకు వెళ్ళి చేసిన వ్యాపారాన్ని దీనికే ఉదాహరణగా చెబుతారు. మీ నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము నష్టం అతనిది, మీ కష్టం వృథా కావడం మీ నష్టం. ఈ మాట సొమ్ము తీసుకునే రోజే చెప్పాలి. చెబితే కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివ్వండి.

తొమ్మిదో అడుగు: జకాత్ రోజు

జకాత్ అంటే ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం. దానికి చాంద్రమాన సంవత్సరంలో ఒక తేదీ పెట్టుకోండి. నాది రంజాన్ మొదటి తారీఖు. ఆ రోజు షట్టర్ సగం దించి మడతలన్నీ లెక్కపెడతాం. అమ్మడానికి ఉన్న బట్ట, నూలు, చేతిలో డబ్బు, రావాల్సిన బాకీలు కలిపి, మీరు ఇవ్వాల్సినవి తీసేయాలి. మిగిలింది 612 గ్రాముల వెండి విలువకు చేరితే రెండున్నర శాతం జకాత్. బీరువా, కుట్టు మిషన్, ఫోన్, సొంత మగ్గం ఉంటే అదీ లెక్కలోకి రావు. బట్టకు కొన్న ధర కాదు, ఆ రోజు అమ్ముడుపోయే ధర కట్టాలి. మూడేళ్ళుగా అమ్ముడుపోని దుపట్టా, మడత దగ్గర రంగు వెలిసిన చీర కూడా కుప్పలో ఉంటాయి. వాటిని పక్కకు తీసి, రేపు కస్టమర్‌కు లోపం చూపించి ఏ ధరకు ఇస్తారో ఆ ధరే రాయండి.